ఎలక్ట్రిక్ కారు: ఏ బ్యాటరీ, ఏ ఛార్జర్, ఏ వేరియంట్ తీసుకోవాలి?

ఎలక్ట్రిక్ కార్ల షోరూమ్‌లోకి అడుగుపెట్టిన వారికి మొదట చూపించేది డ్యాష్‌బోర్డు మీది పెద్ద తెర, తర్వాత పైకప్పు అద్దం, ఆ తర్వాత తలుపుల వెంబడి రంగులు మారే లైట్లు. బ్యాటరీ ఎంత, ఇంట్లో ఛార్జింగ్ సంగతేమిటి అన్న మాటలు కొటేషన్ కాగితం చేతికి వచ్చే వేళకు గానీ రావు. పెట్రోలు కారు విషయంలో ఈ వరుస వల్ల పెద్ద నష్టం లేదు. చిన్న వేరియంట్ కొన్నా, పెద్దది కొన్నా అదే బంకులో అదే పెట్రోలు పోయించుకుంటాము. ఎలక్ట్రిక్ కారులో మాత్రం వేరియంట్ మారితే బ్యాటరీ మారవచ్చు, ఛార్జింగ్ వేగం మారవచ్చు, దానితో హైదరాబాద్ నుంచి విజయవాడ ప్రయాణంలో ఎన్నిసార్లు ఆగాలన్నదీ మారుతుంది. అందువల్ల కొటేషన్‌లోని ప్రతి పంక్తినీ ఒకే ప్రశ్నతో చూడమని నన్ను అడిగిన వారందరికీ చెబుతుంటాను: ఇది ఇప్పుడు తీసుకోకపోతే రెండేళ్ల తర్వాత బయట వేయించుకోగలమా? వేయించుకోలేనిదైతే, మనకు నిజంగా పనికివచ్చేదైతే, దానికి డబ్బు పెట్టాలి. సీటు కవర్లు, మ్యాట్లు, డ్యాష్‌క్యామ్ వంటివి ఎప్పుడైనా దొరుకుతాయి. బ్యాటరీ గానీ, కారు లోపలి ఛార్జర్ గానీ, ఎయిర్‌బ్యాగులు గానీ తర్వాత దొరకవు.

ఎంపిక మొదలుపెట్టవలసిన చోటు షోరూమ్ కాదు, మన ఇంటి మీటర్ బోర్డు. కారును రాత్రి ఎక్కడ నిలుపుతాము, అక్కడికి మన మీటర్ నుంచి వైరు ఎంత దూరం లాగాలి, ఇంటికి మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లు, కనెక్షన్ సింగిల్ ఫేజా, త్రీఫేజా అన్న నాలుగు సంగతులు కరెంటు బిల్లు, ఒక ఎలక్ట్రీషియన్, ఒక టేపు ఉంటే అరగంటలో తేలిపోతాయి. ఇవి తెలియకుండా ఛార్జర్ ఆప్షన్ ఎంచుకోవడమంటే గుమ్మం కొలవకుండా బీరువా కొనడమే.

ఇళ్లలో గీజరుకో ఏసీకో పెట్టే మామూలు 15 ఆంపియర్ల ప్లగ్ దగ్గర కారు సుమారు 3.3 కిలోవాట్లు, అంటే గంటకు 3.3 యూనిట్ల చొప్పున కరెంటు తీసుకుంటుంది. రాత్రి తొమ్మిదికి పెట్టి ఉదయం ఏడుకు తీస్తే పది గంటల్లో 33 యూనిట్లు లాగుతుంది. దారిలో వేడిగా పోయేది పదో పదిహేనో శాతం తీసేసినా బ్యాటరీలోకి 28 యూనిట్లు చేరతాయి. ఊళ్లో నడిచే మధ్యతరహా కారు యూనిట్‌కు ఆరు నుంచి ఏడు కిలోమీటర్లు వస్తుంది కనుక, ఒక రాత్రి ఛార్జింగ్‌తో సుమారు 170 కిలోమీటర్లైనా వస్తుంది. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లి వచ్చే వారికి ఇందులో నాలుగో వంతు కూడా ఖర్చు కాదు. అయినా వీరిలో చాలామంది 7.2 కిలోవాట్ల గోడ ఛార్జర్‌కు డబ్బు కట్టేసి, దానికోసం లోడు పెంచమని కరెంటు ఆఫీసు చుట్టూ తిరగడం చూశాను. మహీంద్రా సంస్థ 2024 నవంబరులో విడుదల చేసిన బీఈ 6 (అప్పటి పేరు బీఈ 6ఈ), ఎక్స్‌ఈవీ 9ఈ కార్లకు 7.2 కిలోవాట్ల ఛార్జర్‌కు 50 వేలు, 11.2 కిలోవాట్లదానికి 75 వేలు కారు ధరకు అదనమని ప్రకటించింది. అవసరం లేనివారికి అది చిన్న మొత్తం కాదు.

మరి 7.2 కిలోవాట్ల ఛార్జర్ ఎవరికి కావాలి? 45 కిలోవాట్ అవర్లు (అంటే 45 యూనిట్లు) దాటిన బ్యాటరీ ఉండి, మధ్యాహ్నం ఒక ఊరు వెళ్లి వచ్చి మళ్లీ రాత్రికే మరో ఊరు బయల్దేరే పనులున్న వారికి; ఒకే పార్కింగ్‌లో రెండు ఎలక్ట్రిక్ కార్లు ఉన్నవారికి; అపార్ట్‌మెంట్‌లో ఛార్జింగ్ చోటును నలుగురు వంతులవారీగా వాడుకునేవారికి కావాలి. 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీ పూర్తిగా నిండడానికి 15 ఆంపియర్ల ప్లగ్ దగ్గర దాదాపు పదిహేను గంటలు పడితే, దీనితో ఆరున్నర, ఏడు గంటల్లో అయిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. గోడకు బిగించే పెట్టెను మనం ఛార్జర్ అంటాము గానీ, ఏసీ కరెంటును డీసీగా మార్చి బ్యాటరీలోకి పంపే అసలు ఛార్జర్ కారు లోపలే ఉంటుంది. కారులోనిది 7.2 కిలోవాట్లదైతే గోడకు 11 కిలోవాట్ల పెట్టె బిగించినా వచ్చేది 7.2 మాత్రమే. కారులోనిది 11 కిలోవాట్లదే అయినా ఇంటికి సింగిల్ ఫేజే ఉంటే అప్పుడూ 7.2కు మించి రాదు, ఎందుకంటే ఆ 11 కిలోవాట్లు మూడు ఫేజుల నుంచి పంచుకుని తీసుకోవలసినవి. కాబట్టి షోరూమ్‌లో ‘ఛార్జర్ ఎంత కిలోవాట్లు?’ అని ఒక్క ప్రశ్న కాక, ‘ఈ వేరియంట్ కారు లోపలి ఛార్జర్ ఎంత, మీరు ఇచ్చే గోడ పెట్టె ఎంత?’ అని రెండు ప్రశ్నలు అడగాలి. లోపలిది తర్వాత మార్పించుకోలేము. గోడ పెట్టె ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఇంటికి త్రీఫేజ్ వచ్చే అవకాశం ఉంటే లోపలి ఛార్జర్ పెద్దదున్న వేరియంట్ తీసుకుని, గోడ పెట్టెను ఏడాది తర్వాత నిర్ణయించుకోవడంలో తప్పు లేదు.

ఏ ప్లగ్‌కైనా ఎర్తింగ్ సరిగా ఉండాలి. దీన్ని అందరూ వింటారు, ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు. కారు కొన్న మొదటి ఏప్రిల్‌లో తెనాలిలో మా మామగారి ఇంటికి వెళ్లి, వసారాలోని 15 ఆంపియర్ల ప్లగ్‌కు పోర్టబుల్ ఛార్జర్ తగిలిస్తే ఎర్ర లైటు వెలుగుతుందే తప్ప ఛార్జింగ్ మొదలు కాలేదు. కారులో మిగిలింది 11 శాతం. మామగారు ‘ఇరవై ఏళ్లుగా ఇదే ప్లగ్‌లో మోటారు నడుస్తోంది బాబూ’ అన్నారు, అది నిజమే. మోటారుకు ఎర్త్ లేకపోయినా తిరుగుతుంది, కారు మాత్రం ఎర్త్ లేదని తెలిస్తే కరెంటు ముట్టదు. ఎలక్ట్రీషియన్ వచ్చి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూసి, ‘ఎర్త్ గుంట ఎండిపోయిందండీ, రెండు బిందెలు నీళ్లు పోయించండి’ అన్నాడు. కొబ్బరిచెట్టు పక్కన ఎప్పుడో మూసుకుపోయిన గుంట వెతికి నీళ్లు పోసిన పావుగంటకు ఆకుపచ్చ లైటు వెలిగింది. మరుసటి నెల బొగ్గు, ఉప్పు వేసి కొత్త గుంట తీయించారు. కారుతో పోర్టబుల్ ఛార్జర్ ఉచితంగా వస్తుందా, విడిగా కొనాలా అన్నది కొటేషన్‌లో తప్పక చూడండి. పుట్టింటికీ అత్తింటికీ వెళ్లినప్పుడు పనికివచ్చేది గోడ పెట్టె కాదు, అదే. ఇంట్లో ఆ ప్లగ్‌కు విడిగా ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, మీటర్ బోర్డు నుంచి నేరుగా రాగి వైరు ఉండాలి. 7.2 కిలోవాట్లకైతే 32 ఆంపియర్ల వరకు గంటల తరబడి ప్రవహిస్తుంది కనుక 6 చదరపు మిల్లీమీటర్ల వైరుకు తగ్గకూడదు. దూరం ఎక్కువైతే ఇంకా లావుది కావాలి.

అపార్ట్‌మెంట్ వాసులకు మరో ఎంపిక ఉంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, కోరిన వారికి వాహన ఛార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ ఇవ్వాలని చెప్పింది. 2024-25 టారిఫ్ ప్రకారం తెలంగాణలో ఇంటి వాడకం నెలకు 400 యూనిట్లు దాటితే యూనిట్ ధర 9 రూపాయలు దాటేది. అప్పుడు ఛార్జింగ్ కనెక్షన్‌కు అక్కడ యూనిట్‌కు 6 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 6 రూపాయల 70 పైసలు ఉండేది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సుమారు 175 యూనిట్లు ఖర్చవుతాయి. రెండు ఏసీలున్న ఇంట్లో వేసవి నెలల్లో ఆ 175 యూనిట్లూ పై స్లాబులోకే వెళ్లి కూర్చుంటాయి. విడి కనెక్షన్‌కు డిపాజిట్, స్థిర ఛార్జీలు ఉంటాయి కనుక తక్కువ తిరిగేవారికి కలిసిరాకపోవచ్చు. ఎక్కువ తిరిగేవారు మాత్రం లెక్క వేసుకోవాలి.

ఇక బ్యాటరీ. బ్యాటరీ పరిమాణాన్ని కిలోవాట్ అవర్లలో చెబుతారు. ఒక కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్, అంతకంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. టాటా నెక్సాన్ ఈవీ 30, 45 కిలోవాట్ అవర్లలోను, హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ 42, 51.4లోను, మహీంద్రా బీఈ 6 కారు 59, 79లోను మార్కెట్లోకి వచ్చాయి. చిన్నదానికీ పెద్దదానికీ మధ్య తేడా లక్షల్లోనే ఉంటుంది కనుక, మొత్తం కొనుగోలులో ఇదే అతి పెద్ద నిర్ణయం.

ప్రకటనల్లోని రేంజ్ (ఒకసారి నిండుగా ఛార్జ్ చేస్తే వెళ్లే దూరం) అంకెను చూసి నిర్ణయించకూడదు. ఆ అంకె ఎంఐడీసీ అనే ప్రయోగశాల పరీక్ష నుంచి వస్తుంది. అందులో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు, ఏసీ వేయరు. మన వాళ్లెవరూ మే నెలలో ఏసీ ఆపి సూర్యాపేట దాటరు. నెక్సాన్ 45కు ఈ పరీక్షలో వచ్చిన అంకె 489 కిలోమీటర్లైతే, వాస్తవంగా 350 పైచిలుకు రావచ్చని ఆ సంస్థే విడిగా చెప్పింది. హైవే మీద గంటకు 95, 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తే అదీ తగ్గుతుంది.

నేను వాడే లెక్క చెబుతాను. దూర ప్రయాణంలో బ్యాటరీని ఎవరూ సున్నా దాకా తీసుకెళ్లరు, దారిలో నూరు శాతం నింపడానికీ ఆగరు. అందుకని బ్యాటరీలో 80 శాతమే మనదనుకోవాలి. హైవే మీద యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు, పెద్ద ఎస్‌యూవీ అయితే ఐదున్నర వేసుకోవాలి. ఈ లెక్కన 30 కిలోవాట్ అవర్ల బ్యాటరీ 144 కిలోమీటర్లు, 45 అయితే 216, పెద్ద కారులోని 59 అయితే 260, 79 అయితే సుమారు 350 ఇస్తాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. 30తో దారిలో ఒక్కసారైనా నిండుగా ఛార్జ్ చేయాలి, గట్టి ఎండ రోజైతే రెండుసార్లు ఆగాలి. 45తో ఒకసారి ఆగితే సరిపోతుంది. 59తోనూ ధైర్యంగా వెళ్లాలంటే ఒకసారి ఆగవలసిందే. ఆగకుండా వెళ్లగలిగేది 79తోనే. ఇప్పుడు మిమ్మల్ని మీరు అడుక్కోండి: పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తూ సూర్యాపేట దగ్గర టిఫినుకు ఆగకుండా ఎన్నడైనా విజయవాడ చేరారా? ఎలాగూ అరగంట ఆగేవారికి ఆ అరగంటలో నిండేంత వేగంగా ఛార్జ్ అయ్యే 45 సరిపోతుంది. 45 నుంచి 59కి వెళ్లడానికి ఈ దారి ఒక్కటే కారణమైతే ఆ డబ్బు మిగిల్చుకోవచ్చు.

అయితే శ్రీశైలం లెక్క వేరు. హైదరాబాద్ నుంచి సుమారు 215 కిలోమీటర్లు. చివరి భాగమంతా నల్లమల అడవి, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మన్ననూరు దగ్గర గేటు మూసేస్తారు. ఛార్జర్ పనిచేయలేదని తిరిగి వచ్చే వేళ ఆలస్యమైతే అడవి దారి దొరకదు. ఇలాంటి దారుల్లో నెలకోసారి తిరిగేవారు, సొంత ఊరు జాతీయ రహదారికి యాభై కిలోమీటర్ల లోపలికి ఉన్నవారు లెక్కకు వచ్చినదానికంటే ఒక మెట్టు పెద్ద బ్యాటరీ తీసుకోవడమే మేలు. ఏడాదికి రెండుసార్లు మాత్రమే వెళ్లేవారు ఆ రెండుసార్లూ అద్దె కారు తీసుకుని, రెండు లక్షలు బ్యాంకులో ఉంచుకోవచ్చు. చుట్టాల ముందు ‘మాది పెద్ద బ్యాటరీ’ అనిపించుకోవడానికి కొనే ఆప్షన్లలో ఇదే అతి ఖరీదైనది.

బ్యాటరీ ఎంతన్నదానితో పాటు ఎంత వేగంగా నిండుతుందన్నదీ చూడాలి, చాలామంది ఇది చూడరు. దారిలో ఉండే డీసీ ఫాస్ట్ ఛార్జర్ కారు లోపలి ఛార్జర్‌తో పని లేకుండా నేరుగా బ్యాటరీకే కరెంటు పంపుతుంది. దాని దగ్గర 120 కిలోవాట్లు అని బోర్డు ఉన్నా, కారు తీసుకోగలిగినంతే తీసుకుంటుంది. క్రెటా ఎలక్ట్రిక్‌కు 50 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర 10 నుంచి 80 శాతానికి 58 నిమిషాలు పడుతుందని సంస్థ చెబుతుంది. నెక్సాన్ 45కు 40 నిమిషాలని, బీఈ 6లో 79 బ్యాటరీకి 20 నుంచి 80 శాతానికి 20 నిమిషాలని ఆయా సంస్థల లెక్క. ఒకే కారులో చిన్న బ్యాటరీ వేరియంట్‌కు డీసీ వేగం కూడా తక్కువగా ఉండవచ్చు. కొన్ని చిన్న కార్ల కింది వేరియంట్లకు డీసీ ఛార్జింగే ఉండదు. అలాంటిదాన్ని ఊరు దాటని రెండో కారుగా తప్ప తీసుకోకూడదు.

బ్యాటరీలో రసాయనం రెండు రకాలు. ఎల్ఎఫ్‌పీ రకం వేడిని బాగా తట్టుకుంటుంది, రోజూ నూరు శాతం నింపినా పెద్దగా అరగదు. వారానికోసారైనా నిండుగా నింపితేనే మీటర్‌లో శాతం సరిగా చూపిస్తుంది. బీవైడీ కార్లలోను, మహీంద్రా బీఈ 6లోను ఇదే. ఎన్ఎంసీ రకం అదే బరువులో ఎక్కువ కరెంటు నిల్వ చేస్తుంది గానీ, దాన్ని రోజూ 80 శాతం దగ్గర ఆపడం మంచిది. వేసవిలో 45 డిగ్రీలు చూసే రామగుండం, రెంటచింతల వంటి చోట్ల ఆరుబయట కారు నిలిపేవారికి, రేంజ్ అంకె ఇరవై కిలోమీటర్లు తక్కువైనా, ఎల్ఎఫ్‌పీనే నా ఓటు. ఏ రకమైనా బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉందో లేదో అడగండి. ఊరికే గాలితో చల్లబడేదైతే మన ఎండలకు, వరుసగా చేసే ఫాస్ట్ ఛార్జింగ్‌కు తట్టుకోవడం కష్టం.

ఎండ మాట వచ్చింది కనుక పైకప్పు అద్దం గురించి. తెరుచుకునే సన్‌రూఫ్ వేరు, తెర కూడా లేకుండా నెత్తి మీద పరిచిన గాజు పలక వేరు. ఎంత మంచి పూత వేసిన గాజైనా ఏప్రిల్ మధ్యాహ్నం రెండు గంటలకు ఖమ్మంలో దాని కింద కూర్చున్నవారి మాడు మీద చేయి పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. ఆ వేడిని దించడానికి ఏసీ చేసే అదనపు పని కూడా బ్యాటరీ నుంచే వస్తుంది. అదే డబ్బుతో గాలి వచ్చే సీట్లు దొరుకుతాయేమో చూడండి. వీపుకు చల్లగా ఉంటే ఏసీని రెండు డిగ్రీలు పెంచుకోవచ్చు, అవి బయట వేయించుకున్నా కంపెనీవాటిలా కుదరవు. ఫోన్‌లో నుంచే ముందుగా ఏసీ వేసే సౌకర్యం మాత్రం మన వాతావరణానికి వరం. కారు ఇంకా ప్లగ్‌కు తగిలి ఉండగానే చల్లబరిస్తే ఆ కరెంటు బ్యాటరీది కాదు, ఇంటిది. అయితే ఈ యాప్ సేవ మొదటి కొన్నేళ్లే ఉచితం, ఆ తర్వాత ఏటా చందా కట్టాలి. ఎన్నేళ్లకో, ఎంతో కొటేషన్ మీద రాయించుకోండి.

న్యూజెర్సీలో ఉండే మా పినతండ్రి కొడుకు నా కోసం ఎంతో శ్రద్ధగా ఒక జాబితా పంపాడు: తక్కువ కరెంటుతో కారు లోపల వెచ్చబరిచే హీట్ పంప్ ఉండాలి, సీట్లు వేడెక్కాలి, స్టీరింగ్ వేడెక్కాలి. మంచు కురిసే ఊళ్లో చలికి రేంజ్ బాగా పడిపోతుంది కాబట్టి వాళ్లకు అవి ప్రాణం. మనకు ఆ జాబితాలో ఒక్కటీ అక్కర్లేదు. విదేశాల వీడియోలు చూసి ఆప్షన్లు నిర్ణయించుకునేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

చక్రాల పరిమాణం పెరిగితే కారు ఫొటోలో బాగుంటుంది, రేంజ్ తగ్గుతుంది, టైరు ధర పెరుగుతుంది, టైరు గోడ పలచబడి గతుకులు నడుముకు తెలుస్తాయి. ఒకే బ్యాటరీకి రెండు సైజుల చక్రాలు ఇస్తుంటే చిన్నవే తీసుకోండి. స్టెప్నీ ఉందో లేదో కూడా డిక్కీ తెరిచి మీ కళ్లతో చూడండి. టైరు గాలి చూపించే సెన్సర్లు, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ లేకుండా కార్లు అమ్మడానికి 2020లో కేంద్రం అనుమతించింది, చాలా ఎలక్ట్రిక్ కార్లు ఆ దారే పట్టాయి. మేకు దిగితే కిట్ చాలు. గోతిలో పడి టైరు పక్కగోడ చీలితే అది పనికిరాదు. పల్లెదారులు తిరిగేవారు స్టెప్నీ విడిగా దొరుకుతుందా, పెట్టుకునే చోటు ఉందా అని అడగాలి.

భద్రత విషయంలో బేరం లేదు. ఎయిర్‌బ్యాగులు, అన్ని సీట్లకూ మూడు బిందువుల బెల్టులు, కారు జారిపోకుండా అదుపు చేసే ఈఎస్‌సీ కింది వేరియంట్‌లోనే ఉన్నాయో లేదో చూడండి. ఏడాస్ అనే సహాయక వ్యవస్థ మీద నా అభిప్రాయం రెండుగా ఉంది. ముందు వాహనాన్ని చూసి తనంతట తాను బ్రేకు వేసే భాగం, కంటికి కనపడని పక్క వాహనం గురించి హెచ్చరించే భాగం నిజంగా పనికివస్తాయి. గీతల మధ్య కారును నడిపే భాగాన్ని గీతలే లేని మన రోడ్ల మీద, ఎదురుగా ట్రాక్టరు వచ్చే సర్వీసు రోడ్డు మీద నేను ఆపేసి ఉంచుతాను. దానికోసమే రెండు లక్షలు పెట్టి టాప్ మోడల్‌కు వెళ్లడం కంటే, ఆ డబ్బుతో మధ్య వేరియంట్‌లో పెద్ద బ్యాటరీ దొరికితే అదే తీసుకోవాలి. చుట్టూ చూపించే కెమెరా మాత్రం ఇరుకు సెల్లారులో వారం తిరక్కుండానే తన విలువ చూపిస్తుంది.

రెండు మోటార్ల వేరియంట్లు, మూడు నాలుగు సెకన్లు ముందుగా నూరు అందుకునే మోడళ్లు మన అవసరాల్లోకి రావు. బురదలో, ఇసుకలో పనున్నవారికి తప్ప నాలుగు చక్రాల డ్రైవ్ దండగే. బ్రేకు వేసినప్పుడు కరెంటును తిరిగి బ్యాటరీలోకి పంపే రీజెన్‌ను స్టీరింగ్ వెనుక మీటలతో ఎక్కువ తక్కువలు చేసుకునే సౌకర్యం ఉంటే మాత్రం వదులుకోకండి. తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టే పని సగం తగ్గుతుంది. కొండ మీదే నూరు శాతం నింపుకుని దిగితే బ్యాటరీలో చోటు ఉండదు కనుక రీజెన్ పనిచేయదని కూడా గుర్తుంచుకోండి. కారు నుంచి బయటి పరికరాలకు కరెంటు ఇచ్చే వీ2ఎల్ సౌకర్యం కరెంటు తరచూ పోయే ఊరికి, పొలం దగ్గర పనికి ఉపయోగపడుతుంది. నగరంలో జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి అది ముచ్చట మాత్రమే.

టెస్ట్ డ్రైవ్‌లో అందరూ డ్రైవర్ సీటులోనే కూర్చుంటారు. బ్యాటరీ నేల కింద ఉండడం వల్ల చాలా ఎలక్ట్రిక్ కార్లలో వెనుక నేల ఎత్తుగా ఉండి, మోకాళ్లు పైకి లేచి తొడల కింద ఆధారం ఉండదు. అమ్మనో నాన్ననో వెనుక కూర్చోబెట్టి అరగంట తిప్పమనండి. ఆ తర్వాత కారును మీ పార్కింగ్‌లోకి తెప్పించి ఛార్జింగ్ మూత ఎటు వస్తుందో చూడండి. క్రెటా ఎలక్ట్రిక్‌కు, పంచ్ ఈవీకి అది ముక్కు మీద ఉంటుంది, నెక్సాన్‌కు పెట్రోలు మూత ఉండే చోట ఉంటుంది. మా సెల్లారులో ప్లగ్ ఉన్న స్తంభం కారు వెనుక వైపు పడింది. మూత ముందుంటే ఆ వైరు కారు పొడవునా నేల మీద పరుచుకుని, పక్కింటివారి స్కూటరు రోజూ దాని మీదుగా పోయేది.

బ్యాటరీని కొనకుండా అద్దెకు తీసుకునే పద్ధతి కూడా ఒక ఆప్షనే. ఎంజీ విండ్సర్ 2024లో వచ్చినప్పుడు బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయలు అన్నారు. బ్యాటరీతో కలిపి 13.50 లక్షలు. తేడా మూడున్నర లక్షలు, అంటే లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి రెండూ సమానం. ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగేవారికి అద్దె తేలికే. ఇరవై వేలు తిరిగేవారు ఐదేళ్లకే ఆ మొత్తం కట్టేసి, బ్యాటరీ మాత్రం ఇంకా తమది కాక కూర్చుంటారు. తిరిగినా తిరగకపోయినా నెలకు ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉంటే తక్కువ తిరిగేవారి లాభం కూడా పోతుంది, ఒప్పందంలో ఆ పంక్తి వెతకండి.

వారంటీలో బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు మామూలు. కొందరు జీవితకాలం అంటున్నారు, అది మొదటి యజమానికే. కారు అమ్మితే కొత్తవారికి ఆ షరతు మారుతుంది. నాలుగేళ్లకు మార్చే అలవాటున్నవారు దీన్ని చూసి ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు. బయటి మెకానిక్ చేత హెడ్‌లైట్లకో స్పీకర్లకో వైరింగ్ కోయించినా వారంటీకి చిక్కు వస్తుంది కనుక, వైరు తెగ్గోయవలసిన ప్రతిదీ కంపెనీ ఫిట్టింగ్‌గానే తీసుకోండి.

పన్నుల లెక్క వేరియంట్ ఎంపికను మార్చగలదు. ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతమే. తెలంగాణలో 2024 నవంబరులో ఇచ్చిన జీవో 41 ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు రాష్ట్రంలో కొని రిజిస్టర్ చేసిన ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. గడువు దగ్గర పడ్డాక బుక్ చేసేవారు డెలివరీ తేదీ రాతపూర్వకంగా తీసుకోవాలి. ఎక్స్ షోరూమ్ ధర పది లక్షలు దాటితే ముందుగా వసూలు చేసే ఒక శాతం పన్ను, అంటే టీసీఎస్, ఖర్చు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో తిరిగి వస్తుంది. వాహన రుణం వడ్డీ మీద లక్షన్నర మినహాయింపు ఇచ్చే 80ఈఈబీ మాత్రం 2023 మార్చి 31 లోగా మంజూరైన రుణాలకే; ఇప్పటికీ దాన్ని చూపి పెద్ద వేరియంట్ అంటగట్టేవారుంటే నమ్మకండి. థర్డ్ పార్టీ బీమాలో ఎలక్ట్రిక్ కార్లకు 15 శాతం రాయితీ ఉంది. సొంత నష్టం పాలసీలో జీరో డిప్రిసియేషన్‌తో (భాగాల అరుగుదల పేరుతో కోత పెట్టనిది) పాటు బ్యాటరీ, ఛార్జర్ కవర్ జోడించుకోండి, వానాకాలంలో సెల్లారు మునిగే కాలనీల్లో ఉండేవారు మరీను.

ఇన్ని నిర్ణయించుకున్నాక బుకింగ్ ఫారంలో వేరియంట్ పేరు ఒక్కటే రాయనివ్వకండి. ఈ పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండి, ఒకే పేరుకు రెండు బ్యాటరీలు ఉంటాయి. నాకు తెలిసిన ఒకరికి డెలివరీ రోజున రంగు సరిగ్గా, బ్యాటరీ చిన్నదిగా వచ్చింది. బ్యాటరీ ఎన్ని కిలోవాట్ అవర్లు, కారు లోపలి ఛార్జర్ ఎన్ని కిలోవాట్లు, గోడ పెట్టె కావాలా వద్దా, పోర్టబుల్ ఛార్జర్ ధరలో ఉందా, స్టెప్నీ ఉందా, తయారైన నెల ఏది అన్నవి అదే కాగితం మీద మీ చేత్తో రాసి, కింద వారి చేత సంతకం పెట్టించి, ఆ తర్వాతే అడ్వాన్సు కట్టండి.